రెండు వరసలు ఎక్కువ

ఫిబ్రవరి 12, బుధవారం. తెనాలి

గురువారం సంగతి రాసి పెట్టుకుంటున్నాను. ఇప్పటికే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. ఇంకొన్నాళ్ళు పోతే నేను చూసిందేదో, విన్నదేదో నాకే తేడా తెలియకపోవచ్చు.

ఆరో తేదీ. రిబ్కా నాకంటే ముందే లేచింది. పెసరట్లు వేసింది. మాడిన అట్టు తనే తిన్నది. కర్లపాలెం అవతల పొలాల్లో ఒక కరెంటు టవర్ మీద తీగలు పట్టుకునే పింగాణీలు పగిలాయని, వాటిని మార్చాలని, మధ్యాహ్నానికి అయిపోతుందని చెప్పింది. నేను బాపట్ల రైలుకు బయలుదేరుతుంటే కంపెనీ వ్యాను సందు చివరికి వచ్చి హారన్ కొట్టింది. ఆమె గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. తల ఎత్తకుండానే "వచ్చేటప్పుడు నిమ్మకాయలు తెండి" అంది. సరేనన్నాను.

సెకండియర్ వాళ్ళకు అకౌంట్స్ చెబుతున్నాను. జేబులో ఫోను ఆగి ఆగి మోగుతూనే ఉంది. సుందరయ్య. టవర్లెక్కే గ్యాంగుకు మేస్త్రీ. "సార్, మేడమ్ గారు జారారు. బాపట్ల ఆస్పత్రికి తెస్తన్నాం. మీరు అక్కడే కదా, వచ్చెయ్యండి" అన్నాడు. జారారు అన్నాడు. పడ్డారు అనలేదు.

నేనే ముందు చేరాను. గేటు దగ్గర నిలబడ్డాను. వ్యాను వచ్చింది. వెనక తలుపు తీశారు. హెల్మెట్ తలకే ఉంది. గడ్డం కింద పట్టీ బిగించే ఉంది. చేతి తొడుగులు ఉన్నాయి. టవర్ ఎక్కేటప్పుడు వేసుకునే బెల్టు మాత్రం ఒంటికి లేదు. డాక్టరు చూసి, దారిలోనే ప్రాణం పోయిందన్నాడు.

శుక్రవారం తెనాలిలో భూస్థాపన. పాస్టర్ గారు వాక్యం చదివారు. ఏ వాక్యమో గుర్తు లేదు. సుందరయ్య గ్యాంగంతా వచ్చింది, ఒక్క నాగశివ తప్ప. నాగశివ ఎప్పుడూ రిబ్కాకు జతగా ఎక్కేవాడు. ఆ రోజు కూడా టవర్ మీద ఆమె పక్కనే ఉన్నది అతనే.

ఎందుకు రాలేదు?

ఫిబ్రవరి 13

సెలవు పొడిగించాను. ఫ్రిజ్‌లో నిమ్మకాయలు ఉన్నాయి. గిన్నె నిండా. మరి ఎందుకు తెమ్మంది?

ఫిబ్రవరి 15, శనివారం

కంపెనీ మేనేజరు లక్ష్మీనారాయణ గారు వచ్చారు. వెంట సుందరయ్య. ఆపిల్ పళ్ళ సంచీ బల్ల మీద పెట్టారు. క్రిస్టినా టీ ఇచ్చింది. ఆమె రిబ్కా చెల్లెలు, బాపట్లలో నర్సు. నా తిండి చూడటానికి వచ్చిపోతూ ఉంది.

"మాకు కుడిచెయ్యి పోయినట్టేనండి," అన్నారు మేనేజరు. "ఆవిడలాంటి సైట్ ఇంజనీరు మళ్ళీ దొరకరు. మగవాళ్ళే టవర్ కింద గొడుగేసుకుని కూర్చుంటారు. ఆవిడ తను ఎక్కి చూడని టవర్ మీదకు ఎవర్నీ పంపేవారు కాదు."

"ఎలా పడింది?"

ఆయన సుందరయ్య వైపు చూశారు. సుందరయ్య టీ గ్లాసు వైపు చూశాడు.

"బెల్టు కొక్కెం తగిలించుకోలేదండి. ఒక చోట నుంచి ఇంకో చోటికి మారతన్నారు. కాలి కింద మెట్టు బోల్టు ఉప్పుగాలికి తినేసి ఉంది. ఊడొచ్చింది. కొక్కెం ఉంటే ఆగేవారు."

"రెండూనా?"

"ఏంటండి?"

"రెండు కొక్కేలూ తగిలించలేదా?"

"లేదండి." టీ మిగలకుండా తాగాడు.

పాత పద్ధతి ఏమిటంటే, ఎక్కేటప్పుడు చేతులనే నమ్ముకుని ఎక్కడం, పైకి చేరాక బెల్టు కట్టుకోవడం. రిబ్కా వచ్చాక మార్పించింది. రెండు కొక్కేలు. ఒకటి తీయాలంటే రెండోది ముందు పడాలి. నేల విడిచిన దగ్గర్నుంచి మళ్ళీ నేల తాకేదాకా ఏదో ఒకటి ఇనుముకు ఉండాలి. పని నెమ్మదిస్తుంది. మేడమ్ గారు పైకి చేరేలోపు మనం రేపల్లె పోయి బిర్యానీ తిని రావచ్చు అని గ్యాంగువాళ్ళు అనేవారట. రెండు కొక్కేల మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు ఇష్టం. ఒకసారి నాకు చూపించాలని మా ఇంటి మెట్ల రెయిలింగుకు తగిలించుకుంటూ, తీసుకుంటూ డాబా దాకా ఎక్కింది. పక్కింటివాళ్ళు చూస్తున్నారన్నాను. చూడనివ్వండి, నేర్చుకుంటారు అంది.

అలాంటి మనిషి కొక్కెం మరిచిపోయిందట.

హైదరాబాదు నుంచి విచారణకు ఆఫీసరు వస్తాడట. అది తేలేదాకా ఎవరినీ టవర్ ఎక్కనివ్వడం లేదట. ప్రమాదవశాత్తు జరిగిందని, మాకు ఎవరి మీదా అనుమానం లేదని నేను సంతకం పెడితే త్వరగా తేలుతుందట. చదివి పెడతానన్నాను.

నాకు నిజంగానే ఎవరి మీదా అనుమానం లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

కంపెనీ గోడౌనుకు వెళ్ళాను. తెనాలిలోనే, మార్కెట్ వెనక. ఆమె బెల్టు చూస్తానన్నాను. ఎందుకని సుందరయ్య అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

లోపల నుంచి తెచ్చాడు. పట్టీలు సుబ్బరంగా ఉన్నాయి. ఎక్కడా నలగలేదు, చిరగలేదు.

"ఇదేనా ఆవిడది?"

"ఇదేనండి."

"ఆవిడదేనని ఎలా తెలుసు?"

"ఆ రోజు వ్యానులో ఇదే మిగిలిందండి. ఎక్కేముందు వేసుకోలేదు కాబట్టి."

శనివారం కొక్కెం తగిలించుకోలేదన్నాడు. ఇవాళ బెల్టే వేసుకోలేదన్నాడు.

కంపెనీ వాళ్ళు కొత్త బెల్టు ఇచ్చినప్పుడు రిబ్కా చేసిన మొదటి పని, దాన్ని స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళడం. గిన్నెల మీద, గ్లాసుల మీద చుక్కచుక్కగా పేర్లు కొడతారే, ఆ కొట్టు. "ఇదేం సామానమ్మా?" అన్నాడట అతను. "మా అత్తగారు పెట్టిన గరిటె" అందట. రెండు కొక్కేల మీదా రిబ్కా అని కొట్టించింది. గ్యాంగులో బెల్టులు కలిసిపోతాయని. ఇంటికి వచ్చి నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద రాయించింది.

ఇవాళ కొక్కెం మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపాను. నున్నగా ఉంది. రెండోదీ నున్నగానే ఉంది.

"సరే," అని ఇచ్చేశాను. సుందరయ్య నా వేలు వైపే చూస్తున్నాడు.

ఫిబ్రవరి 19

బెల్టు మార్చారు. మార్చాలంటే అసలు బెల్టులో చూడకూడనిది ఏదో ఉండాలి.

ఫిబ్రవరి 22, శనివారం

ఆమె ఫోను తెరిచాను. తెరిచే నంబరు నాకు మొదటి నుంచీ తెలుసు. ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూశాను, అది వేరే.

డిసెంబరు చివర, జనవరి అంతా నాగశివకు ఫోన్లు. ఆదివారాలు కూడా. ఆరాధన అయి నేను పాస్టర్ గారితో మాట్లాడుతుండగా చర్చి ఆవరణలోంచే చేసింది. సుందరయ్యకు అరుదుగా చేసింది. మేస్త్రీని వదిలేసి అతనితో అంతగా మాట్లాడాల్సింది ఏముంటుంది?

క్రిస్మస్ ముందు ఆమెకు దెబ్బలు తగిలాయి. తొడల మీద నల్లగా కమిలింది. స్కూటీ జారిందంది. క్రిస్మస్ ఆరాధనలో అందరూ మోకరిస్తే తను నిలబడే ఉంది.

ఇవాళ స్కూటీ చూశాను. కింద కూర్చుని, రెండు పక్కలా చూశాను. ఒక్క గీత లేదు.

నేనేమీ అనుకోవడం లేదు. అతను ఎలా ఉంటాడో కూడా నాకు సరిగా తెలియదు. హెల్మెట్ లేకుండా ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

క్రిస్టినా రొయ్యల కూర తెచ్చింది. అడగకూడదనుకున్నాను. అడిగాను.

"డిసెంబర్లో మీ అక్కకు దెబ్బలు తగిలాయి. నీకు తెలుసా?"

వడ్డిస్తున్న గరిటె ఆగింది. "తెలుసు బావా."

"స్కూటీ మీంచి పడిందంది."

"నాకూ అదే చెప్పింది. స్కూటీ మీంచి పడితే మోచేతులు గీరుకుపోతాయి, మోకాళ్ళు గీరుకుపోతాయి. రోజూ చూస్తాను కదా. అక్కకు చర్మం ఎక్కడా లేవలేదు. పట్టీ వేసి బిగించినట్టు తొడల చుట్టూ కమిలిపోయింది. భుజాల మీద కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె నా కంచం వైపు చూస్తూ మాట్లాడింది. "మీరే కొట్టారనుకున్నాను బావా. బెల్టుతో."

నేను కంచంలో అన్నం కలుపుతూ ఉన్నాను.

"అక్కను అడిగాను. నవ్వింది. మీ బావకు అంత ఓపిక ఎక్కడిదే అంది. అంతటితో ఆగితే నమ్మేదాన్ని. 'ఆయనకు మాత్రం తెలియనివ్వకు' అంది. అందుకని నమ్మలేదు." తర్వాత, "భూస్థాపన రోజు కూడా మిమ్మల్నే చూస్తూ నిలబడ్డాను. ఏడుస్తారా లేదా అని" అంది.

నేను ఏడవలేదు. అది ఆమె గమనించే ఉంటుంది.

కూర బాగుందని చెప్పాను.

నాకు తెలియకూడనిది ఏమిటి? నేను ఆమెను దేనికీ వద్దనలేదు. బాపట్లలో ఆఫీసు పని ఖాళీ ఉందని, అయితే ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళి రావచ్చని చెప్పానంతే.

ఫిబ్రవరి 25, మంగళవారం

నాగశివ ఇల్లు కనుక్కున్నాను. రేపల్లెలో రైలు దిగి, నిజాంపట్నం బస్సెక్కి, మధ్యలో దిగి, రొయ్యల చెరువుల గట్టు మీద నడవాలి. దారంతా అతన్ని ఏమడగాలో అనుకుంటూ వెళ్ళాను. ఆ మాటలు ఇక్కడ రాయను.

అతను లేడు. అరుగు మీద వాళ్ళమ్మ వల బాగు చేస్తోంది. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగలాగి పట్టుకుని, చెక్కపుల్లకు చుట్టిన దారంతో చిరిగిన కన్నులు అల్లుకుపోతోంది. పేరు వీరరాఘవమ్మ అని తర్వాత చెప్పింది.

"ఎవరు బాబూ?"

"కంపెనీ నుంచి," అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

"వాడు లేడయ్యా. మామతో బోటు మీద పోయాడు. ఆ మేడమ్ పడిపోయిన కాడ్నుంచి కరెంటు పనికి పోనంటన్నాడు. అన్నం ముందు కూచుని లేచిపోతన్నాడు. నువ్వన్నా చెప్పయ్యా, పెద్దోడివి. కూచో. బెల్టులేమన్నా తెచ్చావా?"

"ఏ బెల్టులు?"

"అయ్యే, నడుంకి కట్టుకునేయి. మీ వాళ్ళవి చిరిగితే కుట్టేది నేనేగా. నీకు తెలీదా? కొత్తగా వచ్చావేమో." చెక్కపుల్ల పక్కన పెట్టి నీళ్ళు తెచ్చింది. "వాటికి తాళ్ళలాగా పట్టీలుంటయ్యి చూడు, వాటితో సామాను పైకి లాగుతారంట. బరువు పడేసరికి మడత కాడ కుట్లు పిగిలిపోతన్నయ్యి. ఏం కుట్టారో ఆ ఫ్యాక్టరీవోళ్ళు. మా మనవరాలి జడ రిబ్బను నయం."

లోపలికి వెళ్ళి ఒక పట్టీ ముక్క తెచ్చింది. మడిచి, మడత మీద నల్లటి దారంతో అడ్డంగా వరసలు కుట్టి ఉన్నాయి. ఒక్కో కుట్టూ ఒకే కొలతలో ఉంది.

"లాగు బాబూ."

లాగాను.

"అట్లా కాదు. నీ బలమంతా పెట్టి లాగు. సముద్రం మీద వలకేసే దారం అది. ఆ చివర నేను పట్టుకుంటా, లాగు."

బలమంతా పెట్టి లాగాను. ఆమె నవ్వుతోంది. ఒక్క కుట్టు కదల్లేదు.

కొత్త బెల్టు వచ్చిన రోజు, పేరు కొట్టించి తెచ్చాక, రిబ్కా దాన్ని భోజనాల బల్ల మీద పరిచి చూపించింది. రెండు కొక్కేల పట్టీలూ కిందికి వచ్చి ఒకే పట్టీలో కలుస్తాయి. అక్కడ ఒక మడత, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. మనిషి పడితే ఈ మడత కుట్లు చిరగాలి, చిరుగుతూ చిరుగుతూ మెల్లగా ఆపుతుంది, లేకపోతే ఆ విసురుకు నడుమైనా విరుగుతుంది, పట్టీ అయినా తెగుతుంది, అంది. చిరిగిందంటే పని చేసినట్టు, ఇక పారేయడమే. "చిరగడానికి డబ్బులిచ్చి కొంటారా?" అన్నాను. చాలాసేపు నవ్వింది.

"ఆ మేడమ్ గారిది కూడా మీరే కుట్టారా అమ్మా?"

"కుట్టా. ఇది మేడమ్ గారిది, జాగర్త అని మావోడు మరీ మరీ చెప్పాడు. ఆడమనిషి అంతెత్తు ఎక్కుద్దంటే నాకు ఇక్కడ కూచునే కాళ్ళు వణికేయి. అందుకే అందరికన్నా రెండు వరసలు ఎక్కువేశా." పట్టీ ముక్కను ఒళ్ళో పెట్టుకుని చేత్తో సాపు చేసింది. "ఏం లాభం. ఆ రోజు తగిలించుకోలేదంటగా పాపం."

"అవునమ్మా," అన్నాను. "తగిలించుకోలేదు."

"తగిలించుకోనుంటే బతికేది."

నీళ్ళు తాగాను. గ్లాసు అడుగున కూడా చుక్కలతో పేరు కొట్టి ఉంది. చదవలేదు.

ఫిబ్రవరి 26

మిగతావాళ్ళవి సామాను లాగితే చిరిగాయి. రిబ్కా బెల్టుతో సామాను లాగదు. లాగనివ్వదు.

మరి ఆమెది ఎలా చిరిగింది?

ఫిబ్రవరి 27

తెలుసు. నిన్ననే తెలుసు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

లక్ష్మీనారాయణ గారు ఫోన్ చేశారు. ఆఫీసరు వచ్చి ఉన్నాడట. గోడౌనుకు వెళ్ళి సంతకం పెట్టాను. ప్రమాదవశాత్తు. ఆఫీసరు నమస్కారం పెట్టి, దేవుడు మీకు ధైర్యాన్నివ్వాలి అన్నాడు. నున్నటి కొక్కేల బెల్టు బల్ల మీద ఉంది.

ఇందులో తప్పేమీ లేదు. నేను నోరు విప్పితే రిబ్కా లేచి రాదు. ఆ అరుగు మీది మనిషి మాత్రం ఇక మళ్ళీ సూది పట్టలేకపోతుంది. పైగా రిబ్కా డిసెంబరులో పడి దాచిందని అందరికీ తెలుస్తుంది. ఒక భార్య భర్తకు చెప్పకుండా దాచిందంటే జనం రకరకాలుగా అనుకుంటారు.

బాగా ఆలోచించే పెట్టాను.

మార్చి 1, శనివారం

ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. బాపట్లలో నాకు డ్యూటీ వేశారు. అడిగి వేయించుకున్నాను.

అయ్యాక బయటికి వస్తే గేటు దగ్గర పిల్లల కోసం వచ్చినవాళ్ళ మధ్య నాగశివ నిలబడి ఉన్నాడు. అతనే పలకరించాడు కాబట్టి తెలిసింది. గడ్డం పెరిగింది. నేను అనుకున్నంత అందగాడు కాదు.

"మా ఇంటికొచ్చింది మీరే కదా సార్. కళ్ళజోడు ఆఫీసరు వచ్చాడు, మంచోడు, నీళ్ళు తాగి పోయాడు అంది అమ్మ. నాకు అర్థమైంది."

స్టేషన్ దాకా నడిచాం. బెంచీ మీద కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే అంచున కూర్చున్నాడు.

"డిసెంబర్లో ఏం జరిగింది?"

"మంచు సార్. బోల్టుల మీద నీళ్ళు. కాలు జారింది. కొక్కెం పట్టేసింది. మడత చిరుగుతా చిరుగుతా ఆపేసింది. మేడమ్ గారు అక్కడ వేలాడతానే నవ్వారండి. 'రెండు కొక్కేలంటే నవ్వుతారుగా, ఇప్పుడు నవ్వండి' అన్నారు. కిందికి దిగాక మాత్రం గట్టు మీద కూచుండిపోయారు. వాటర్ బాటిల్ మూత తియ్యలేకపోయారు. నేను తీసిచ్చా."

"కంపెనీకి ఎందుకు చెప్పలేదు?"

అతను రైలు పట్టాల వైపు చూశాడు.

"చెప్పు."

"కంపెనీకి చెబితే ఇంటికి ఫోను చేస్తారు సార్. 'మా ఆయనకు తెలిసిందంటే ఇక నన్ను ఆఫీసులో కూచోబెడతాడు. గట్టిగా అనడు. అనకుండానే కూచోబెడతాడు' అన్నారు."

గూడ్సు బండి వెళ్ళింది. పొడవైన బండి. మేలే అయింది.

"చిరిగింది మార్చాలంటే ఎందుకు చిరిగిందో చెప్పాలి సార్. చెప్పకపోతే కొత్తది రాదు. విజయవాడలో ఎవరన్నా అమ్ముతారేమో కనుక్కో, నేనే కొనుక్కుంటానని రోజూ ఫోను చేసేవారు. నేను కనుక్కోలా. మా అమ్మ ఉండగా ఎందుకులే అనుకున్నా. కుట్టించి, కేబుల్ అతుకులకేసే నల్ల తొడుగు ఎక్కించి, వేడి చేసి బిగించా. విజయవాడలో బెల్టులమ్మే డీలర్ చేతే మార్పించానని చెప్పా. మేడమ్ గారు తిప్పి తిప్పి చూశారు."

"నమ్మిందా?"

"నమ్మాలనుకున్నారు సార్."

"మడత చిరగాలని మీకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదండి, నేర్పారు. చిరగాలన్నారు, విన్నాం. విన్నాంగానీ, చిరిగేది మంచిది, గట్టిగా ఉండేది చెడ్డది అంటే ఎవడికి మనసొప్పుద్ది సార్? గట్టిగా ఉంటే ఇంకా మంచిదే కదా అనుకున్నా. మేడమ్ గారి కోసం ఇంకా గట్టిగా కుట్టమన్నా."

ఆ రోజు సంగతి నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"బోల్టు ఊడొచ్చింది. కొక్కెం పట్టింది సార్. ఎవరేం చెప్పినా సరే, పట్టింది. నేను చూశా. మేడమ్ గారు ఆగారు. అప్పుడు తెగింది. కుట్టు తెగలా. కుట్టు పక్కన, సూది పోయిన వరసనే, పట్టీ తెగింది. సుందరయ్య బాబాయి వ్యానులోనే బెల్టు ఇప్పేసి, నేను పైనుంచి దించిన కొక్కేలతో సహా కాలవలో పడేశాడు. నా కోసమే చేశాడు సార్. అమ్మ కోసం."

"మీ అమ్మకు తెలుసా?"

"తెలీదు. చెప్పకండి సార్."

రైలు వస్తున్నట్టు చెప్పారు. అతను లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. అసలు మాట ఇంకా మిగిలే ఉంది.

"సోమారం నుంచి టవర్లెక్కుతున్నారంట సార్. మీరు సంతకం పెట్టేశారు కాబట్టి ఆఫీసరు ఒప్పుకుని పోయాడంట. అమ్మ కుట్టినయ్యి ఇంకా అక్కడే ఉన్నయ్యి. అన్నిటికీ ఒకటే నల్ల తొడుగు. తొడుగు కోస్తేగాని ఏది కుట్టిందో నాకే తెలీదు. బాబాయికి చెప్పా. ఇప్పుడు తీసేస్తే ఎందుకు తీశావంటారు, చూసుకుని ఎక్కుతార్లే అన్నాడు. నన్ను గేటు లోపలికి రానివ్వడంలా."

రైలెక్కాను. అతను కిటికీ పక్కనే కొంత దూరం నడిచాడు.

మార్చి 2, ఆదివారం

చర్చికి వెళ్ళాను. బుధవారం నుంచి శ్రమ దినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు. ఆరాధన మధ్యలో సుందరయ్య గ్యాంగులోవాళ్ళ ముఖాలు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. భూస్థాపన రోజు మట్టి వేసింది వాళ్ళే. పేర్లు తెలియవు. ఒకతను బూట్లు విప్పి వచ్చాడు. అది గుర్తుంది.

వాళ్ళకు చెప్పాల్సింది సుందరయ్య. చెప్పడు. నాగశివ వల్ల కాదు. మేనేజరు నున్నటి కొక్కెం చూసి ఊరుకున్న మనిషి. ఇన్నాళ్ళూ ఎవరెవరు ఏం దాచారా అని తిరిగాను. ఇవాళ్టికి తెలిసి ఊరుకుంటున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

వీరరాఘవమ్మ పేరు చెప్పకుండా పట్టీలు మాత్రం తీయించగలనా అని మధ్యాహ్నమంతా చూశాను. కుదరదు. ఆమెకు తెలియకపోతే మళ్ళీ చిరిగినప్పుడు మళ్ళీ కుడుతుంది. ఇంకా గట్టిగా కుడుతుంది.

సాయంత్రం నాగశివకు ఫోన్ చేశాను.

"రేపు నేను అంతా చెప్పేస్తాను. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళ నోట మీ అమ్మ వినకూడదు. ఇవాళే నువ్వు చెప్పు."



"ఎలా చెప్పాలి సార్?"

"కుట్టు తెగలేదని ముందు చెప్పు."

క్రిస్టినాకు కూడా చేశాను. అక్క డిసెంబరులోనే ఒకసారి టవర్ మీద నుంచి పడిందని, ఆ దెబ్బలు అవేనని చెప్పాను. ఆమె ఏడ్చింది. "మిమ్మల్ని ఎంత మాటన్నాను బావా" అంది. పరవాలేదన్నాను. నేను ఎవరిని ఏమనుకున్నానో ఆమెకు చెప్పలేదు.

రేపు పొద్దున్నే వ్యాను బయలుదేరకముందు గోడౌనుకు వెళ్తాను. కత్తెర తీసుకెళ్తాను. నల్ల తొడుగున్న ప్రతి పట్టీనీ అందరి ఎదుటా మడత దగ్గర కోస్తాను. కంపెనీ సొమ్ము అంటే కేసు పెట్టుకోమంటాను. పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెబుతాను. తర్వాత వాళ్ళందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చెబుతాను. డిసెంబరులో నా భార్య టవర్ మీద నుంచి పడి బతికింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో ఉన్నది నేను.